అప్‌డేట్: పాలిప్ తీసేశారు, మత్తు ప్రొపోఫాల్‌తోనే

పోయిన నెల అడిగాను కదా, హిస్టెరోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టం గర్భసంచిలోకి పంపి చూడటం) చేసి గర్భసంచిలో పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) తీయడానికి మత్తు ప్రొపోఫాల్ మేలా, మిడజోలామ్ మేలా అని. మొన్న మంగళవారం అయిపోయింది.

ముందురోజు మత్తు డాక్టరుగారినే అడిగేశాను. మిడజోలామ్ భయం తగ్గిస్తుంది, జరిగింది గుర్తుండనివ్వదు, అవసరమైతే విరుగుడుగా ఫ్లూమజెనిల్ ఉంది. కాకపోతే మగత ఓ పట్టాన వదలదు. ప్రొపోఫాల్‌తో అర నిమిషం, నిమిషంలోనే నిద్ర, మెలకువా త్వరగానే. కానీ దానికి విరుగుడు లేదు, నొప్పినీ తగ్గించదు. అందుకే కాస్త ఫెంటానిల్ కలిపి ఇస్తూ, ఊపిరి మీద ఓ కన్నేసి ఉంచుతారు. కెటమిన్ అని ఇంకో మత్తుమందు ఉంది, నొప్పికి మంచిదే గానీ కొందరికి పిచ్చి కలలొస్తాయట. నాకొద్దు బాబోయ్ అన్నాను.

సిరంజిలో మందు అచ్చం పాలలా ఉంది. ఎక్కించగానే మోచేతి దాకా భగ్గుమంది. ఈ సంగతి మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు! "లేవగానే ఏం టిఫిన్ తింటారమ్మా?" అంది నర్సు. పెసరట్టు అనబోయి "పెస" దగ్గరే ఆగిపోయాను. కళ్లు తెరిస్తే రికవరీ బెడ్డు మీదున్నాను.

వాంతులు లేవు, కొంచెం కడుపునొప్పి అంతే. ఒక రోజంతా బండి నడపొద్దన్నారు. బయాప్సీ రిపోర్టు శుక్రవారం వస్తుంది.