సిల్మరిలియన్ దగ్గర మూడుసార్లు ఆగిపోయాను, తోడుగా ఏ పుస్తకం కొనాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు భాగాలూ రెండోసారి పూర్తి చేశాను. అయిపోయాక మనసంతా వెలితిగా అనిపించి, ఆ ఊపులోనే, టోల్కీన్ అదే లోకపు పాత యుగాల కథలు చెప్పిన సిల్మరిలియన్ కొన్నాను. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆ కథలు జరిగే బెలెరియాండ్ అనే ప్రాంతంలోని నదులు, కొండలు, రాజ్యాలు వరసగా చెప్పే అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. ఫింగోల్ఫిన్, ఫినార్ఫిన్, ఫింగోన్, ఫిన్‌రోడ్... పేజీ తిప్పేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోతున్నాను.

నాకు ముఖ్యంగా తెలుసుకోవాలని ఉన్నది ఎల్ఫుల వనిత గలాద్రియెల్ పూర్వకథ, రింగ్స్ ఆఫ్ పవర్ వెబ్ సిరీస్‌లో చూపించిన నూమెనోర్ ద్వీపరాజ్యం సంగతి. ఇంకొకటి, మాంత్రికులు ఐదుగురు అంటారు కదా, గాండాల్ఫ్, సారుమాన్, రాడగాస్ట్ పోగా మిగిలిన ఇద్దరు ఎవరు? ఆన్‌లైన్‌లో వెతికితే హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్ అనే 12 సంపుటాల సెట్, అట్లాస్, గైడ్ అంటూ చాలా కనిపిస్తున్నాయి. అన్నీ కొనలేను. ఒకటో రెండో అయితే కొనగలను. ఏవి కొనమంటారు?

జవాబు:

మీరు ఆగింది 14వ అధ్యాయం. నేను కూడా మొదటిసారి అక్కడే ఆగి, ఏడాది తర్వాత మళ్లీ పట్టుకున్నాను. కాబట్టి మీలో లోపం ఉందని అనుకోకండి.

ఏదైనా కొనే ముందు మీ దగ్గరున్న మూడో భాగం చివరికి వెళ్లండి. అక్కడ ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు అనుబంధాలు ఉంటాయి. కథ అయిపోయిందని చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. నూమెనోర్ రాజుల చరిత్ర క్లుప్తంగా అనుబంధం ఎ లో ఉంది, ఏ ఏడు ఏం జరిగిందో చెప్పే పట్టిక బి లో ఉంది. మీరు చూసిన సిరీస్‌కి ముఖ్యమైన ఆధారం ఈ అనుబంధాలే. సిల్మరిలియన్ హక్కులు వాళ్ల దగ్గర లేవు. ఆ కథ కోసం సిల్మరిలియన్ మధ్యలో వెతికితే దొరకదు. మధ్యలో ఉన్నదంతా మొదటి యుగం. నూమెనోర్, ఉంగరాలు రెండో యుగానివి. అవి పుస్తకం చివరనున్న రెండు చిన్న భాగాల్లో వస్తాయి. ముందు వాటినే చదువుకున్నా నష్టం లేదు.

ఇక పేర్ల విషయం. ఒక తెల్ల కాగితం తీసుకుని, మన వరసల్లో రాసుకోండి. ఫిన్వె అని ఒక రాజు. మొదటి భార్య మీరియెల్, ఆమె కొడుకు ఫెయానోర్. ఆమె పోయాక రాజు ఇండిస్‌ను చేసుకున్నాడు. ఆమె కొడుకులు ఫింగోల్ఫిన్, ఫినార్ఫిన్. అంటే ఫెయానోర్‌కి సవతి తమ్ముళ్లు. సవతి తల్లి పిల్లలు అనుకోగానే ఆ ఇంట్లో చిచ్చు ఎక్కడ రాజుకుందో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఫింగోన్, టుర్గోన్ ఫింగోల్ఫిన్ కొడుకులు. ఫిన్‌రోడ్, గలాద్రియెల్ ఫినార్ఫిన్ పిల్లలు. అంటే గలాద్రియెల్‌కి ఫెయానోర్ పెదనాన్న. ఎల్ఫుల మూడు ఉంగరాలు చేసిన కెలెబ్రింబోర్ ఆ ఫెయానోర్ మనవడు. లోరియెన్ అడవిలో ఫ్రోడో గలాద్రియెల్ వేలికి చూసిన ఉంగరం వరసకు మేనల్లుడు చేసిందన్నమాట. ఈ ఒక్క వరస పట్టుకున్నాక నాకు ఆ పుస్తకం మన ఇళ్ల కథలా అనిపించింది.

కొనాల్సిన వాటిలో నా మొదటి ఓటు అన్‌ఫినిష్డ్ టేల్స్‌కి. 1980లో వచ్చింది. మీరు అడిగిన గలాద్రియెల్ కథ, ఐదుగురు మాంత్రికుల వ్యాసం రెండూ అందులోనే ఉన్నాయి. మిగిలిన ఇద్దరూ నీలి వస్త్రాలవాళ్లు. పేర్లు అలటార్, పల్లాండో. తూర్పు దేశాలకు వెళ్లి తిరిగి రాలేదు.

మరో సభ్యురాలు:

పై జవాబుకి ఒక సవరణ. కెలెబ్రింబోర్ ఫెయానోర్ మనవడని సిల్మరిలియన్‌లో ఉన్నమాట నిజమే. కానీ అన్‌ఫినిష్డ్ టేల్స్ తెరిస్తే ఒక చోట ఆయన గొండోలిన్ నగరం నుంచి బతికి బయటపడిన పనివాడని ఉంటుంది. అడిగినవారు అది చూసి కంగారు పడకూడదని ముందే చెబుతున్నాను.

టోల్కీన్ 1973లో చనిపోయేనాటికి ఇవన్నీ రాతప్రతులుగానే ఉన్నాయి. ఒకే కథ నాలుగైదు రకాలుగా రాసి, కొట్టేసి, మళ్లీ రాసేవారు. వాళ్లబ్బాయి క్రిస్టఫర్ వాటిలోంచి ఒక దారం పట్టుకుని 1977లో సిల్మరిలియన్ తెచ్చారు. తర్వాతి పుస్తకాల్లో మాత్రం ఏ రాతప్రతిలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చూపించారు. నీలి మాంత్రికులే తీసుకోండి. వాళ్లు తమ పనిలో విఫలమై ఉంటారని టోల్కీన్ ఒకప్పుడు అనుకున్నారు. 12వ సంపుటంలో వచ్చిన ఆఖరి రోజుల రాతలో మాత్రం వాళ్లు రెండో యుగంలోనే వచ్చి, తూర్పున దుష్టప్రభువు సౌరాన్ బలం తగ్గించారని ఉంది. మన దగ్గర ఒకే రామకథ ఊరికో తీరుగా చెబుతారు కదా. ఇక్కడ ఒకే మనిషి అలా చెబుతూ పోయాడు. ఏది సరైనదని తేల్చుకోవడానికి చదివితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

నా సలహా వేరే. మొదట చిల్డ్రన్ ఆఫ్ హూరిన్ చదవండి. 2007లో విడిగా వచ్చింది. ఒకే కుటుంబం, ఒకే కథ, నవలలా సాగుతుంది. టూరిన్ కథే సిల్మరిలియన్‌లో 21వ అధ్యాయంగా కుదించి ఉంటుంది. కథ తెలిసి వెళితే ఆ ప్రపంచం కొత్తగా అనిపించదు. చాలా బరువైన కథ, అది మాత్రం గుర్తుంచుకోండి.

అడిగినవారు:

అన్నా, అక్కా, ఇద్దరికీ ధన్యవాదాలు. కాగితం మీద వరసలు రాసుకున్నాను, నిజంగా తేడా తెలుస్తోంది. ఇంకో రెండు సందేహాలు. అట్లాస్, గైడ్ రెండూ అవసరమా? 12 సంపుటాల సెట్ మీద ఇప్పుడు తగ్గింపు ఉంది, వదులుకోవచ్చా? ఇంకోటి, నా సిల్మరిలియన్ ముందు చాలా పొడుగైన ఉత్తరం ఒకటి ఉంది. అర్థం కాక అది దాటేశాను.

జవాబు:

ఆ ఉత్తరం దాటేయకండి. అది 1951లో మిల్టన్ వాల్డ్‌మన్ అనే ప్రచురణకర్తకు టోల్కీన్ రాసింది. రింగ్స్, సిల్మరిలియన్ రెండూ కలిపి అచ్చు వేయించాలని అప్పట్లో ఆయన పట్టుదల. అందుకని సృష్టి మొదలు మూడో యుగం దాకా కథంతా తన మాటల్లోనే చెప్పుకొచ్చారు. 1999 నాటి రెండో కూర్పులో దాన్ని ముందు చేర్చారు. నాది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ, అందులో ఈ ఉత్తరం లేదు. తర్వాత ఒక స్నేహితుడి దగ్గర చూసి చదివాను. ముందే చదివి ఉంటే ఆ ఏడాది కలిసొచ్చేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సెట్ ఇప్పుడు వద్దు. తగ్గింపు మళ్లీ వస్తుంది. 1983 నుంచి 1996 వరకు వచ్చిన ఆ 12 సంపుటాలు కథలు ఎలా తయారయ్యాయో చూపించే పుస్తకాలు. నాకు ప్రాణం, కానీ అసలు కథ చేతికి రాకముందు చదివితే విసుగొస్తుంది. రుచి చూడాలనిపిస్తే 6వ సంపుటం ఒక్కటే కొనండి. రింగ్స్ మొదటి రాతప్రతుల్లో ఫ్రోడో పేరు బింగో. స్ట్రైడర్ మనిషే కాదు, చెక్క బూట్లు వేసుకున్న ట్రాటర్ అనే హాబిట్! తర్వాత అరగార్న్ అయిన ఆ హాబిట్ అసలు ఎవరో తేల్చుకోవడానికి రచయిత ఎంత తడుముకున్నారో ఆ పేజీల్లో కనిపిస్తుంది.

రాబర్ట్ ఫోస్టర్ గైడ్ మంచిదే, అక్షరక్రమంలో పేర్లన్నీ ఉంటాయి. కానీ అది 1978 నాటిది, అన్‌ఫినిష్డ్ టేల్స్ సంగతులు అందులో ఉండవు. మీ సిల్మరిలియన్ వెనకున్న పేర్ల పట్టిక ప్రస్తుతానికి చాలు. డబ్బులు మిగిలితే కరెన్ విన్ ఫాన్‌స్టాడ్ అట్లాస్ కొనండి. 1991లో సవరించిన కూర్పు చూసి తీసుకోండి. మీ 14వ అధ్యాయానికి మందు అదే. నేను చేసిన పని చెబుతాను. పటంలో సిరియోన్ నది పుట్టిన చోట వేలు పెట్టి, ఉత్తరం నుంచి దక్షిణానికి జరుపుతూ ఆ అధ్యాయం మెల్లగా చదివాను. నదికి పడమర ఒక బెలెరియాండ్, తూర్పున ఒకటి. ఏ అన్నదమ్ముడు ఏ సరిహద్దు కాశాడో అప్పుడు కళ్లకు కట్టింది.

మరో సభ్యురాలు:

అట్లాస్ ఈబుక్‌గా మాత్రం తీసుకోవద్దు. సిల్మరిలియన్ నేను మొదట ఫోన్‌లోనే చదివాను. పటం పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోయేవి, వంశవృక్షం రెండు ముక్కలై రెండు పేజీల్లో పడేది. ఈ పుస్తకాలు కాగితం మీదే చదవాలి.

పేర్ల ఉచ్చారణ కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నోరు తిరిగితే పేరు గుర్తుంటుంది. అనుబంధం ఇ లో నియమాలున్నాయి. సి అక్షరం ఎప్పుడూ క అనే పలకాలి. అందుకే సెలెబొర్న్ కాదు, కెలెబొర్న్. చివరి ఎ మింగేయకూడదు, మన్వె అనాలి. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం. ఇంగ్లిష్ చదువరులు తంటాలు పడే ఈ హ్రస్వదీర్ఘాలు మన లిపిలో ఇట్టే ఒదుగుతాయి. ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. పేర్లు తెలుగులో రాసుకుని చూడండి, లోరియెన్, మీరియెల్, లూథియెన్... రెండు రోజుల్లో నోటికొస్తాయి.

అడిగినవారు (మూడు వారాల తర్వాత):

ఎక్కడిదాకా వచ్చానో చెప్పాలనిపించింది. ముందు ఉత్తరం చదివాను. అట్లాస్ ఊళ్లో ఒక మిత్రుడి దగ్గర దొరికింది. అన్న చెప్పినట్టు సిరియోన్ వెంట వేలు నడిపి 14 దాటాను. నిన్న రాత్రి 19వ అధ్యాయం, బెరెన్, లూథియెన్ల కథ. పేర్ల గందరగోళంలో ఒకడిగా ఉన్న ఫిన్‌రోడ్ ఇందులో బెరెన్ తండ్రికి ఇచ్చిన మాట కోసం రాజ్యం వదిలేశాడు. చీకటి కొట్లో గొలుసులు తెంచుకుని, బెరెన్ మీదికొచ్చిన తోడేలుతో వట్టి చేతులతో పోరాడి చనిపోయాడు. నా కాగితంలో ఆయన పేరు పక్కన 'గలాద్రియెల్ అన్న' అని రాసి ఉంది. అది చూసుకుంటూ చాలాసేపు కూర్చుండిపోయాను.

అన్‌ఫినిష్డ్ టేల్స్ ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుంది. ఈలోపు 20 మొదలుపెడతాను.