తుంటి మార్పిడి: ముందు నుంచా, వెనుక నుంచా?

ప్రశ్న (మునుగోడు దగ్గరి ఊరు నుంచి)
మా అమ్మకు 61 ఏళ్లు, కుడి తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలినా ఓర్చుకోలేకపోతోంది. హైదరాబాద్‌లో ఇద్దరికి చూపించాం. ఒక డాక్టర్ ముందు వైపు నుంచి చేస్తా, కండరం కోయను, తొందరగా నడుస్తుంది అన్నారు. ఇంకొకాయన ఏళ్లుగా వెనుక నుంచే చేస్తున్నా, అదే చేస్తా అన్నారు. ఏది మేలో తెలియక టెన్షన్‌గా ఉంది. మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరు, దానివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు (మహబూబ్‌నగర్)
తమ్ముడూ, మా నాయినకు వెనుక నుంచే చేశారు. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు, అంతా బాగుంది. ఇంటికొచ్చాక మూడో వారం నులక మంచం మీద కూర్చుని, అది కిందికి కుంగి ఉందని చూసుకోకుండా చెప్పుల కోసం వంగాడు, కీలు జారింది. మళ్లీ మత్తిచ్చి ఎక్కించారు. ఇప్పుడు పొలం గట్ల మీద తిరుగుతున్నాడు. ఎత్తు కుర్చీ, కమోడ్ కుర్చీ ముందే తెచ్చి పెట్టండి, మేం ఆలస్యం చేశాం.

జవాబు (ఫిజియోథెరపిస్ట్‌ని, నల్లగొండ)
ముందు నుంచి చేసినవాళ్లు మొదటి కొన్ని వారాలు కొంచెం చురుగ్గా నడుస్తారు, నిజమే, కానీ ఏడాది తిరిగేసరికి రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించదు. వెనుక నుంచి చేస్తే కీలు జారే భయం ఎక్కువని పేరుంది, కీలు పొరనూ కండరాలనూ మళ్లీ కుట్టడం మొదలయ్యాక అది బాగా తగ్గింది. ముందు నుంచి చేస్తే తొడ బయటి వైపు తిమ్మిరి రావచ్చు, కొత్తగా నేర్చుకుంటున్న చేతుల్లో తొడ ఎముక చిట్లే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే పద్ధతి కన్నా ముందు, ఆ పద్ధతిలో ఎన్ని చేశారో అడగండి.

అంతకన్నా నాకు అమ్మ నడుము గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లవల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ జబ్బులో వెన్ను బిగుసుకుపోతుంది. కూర్చునేటప్పుడు నడుము కదలకపోతే ఆ వంపంతా తుంటి మీదే పడుతుంది, అలాంటివాళ్లలో ఎటు నుంచి చేసినా కీలు జారే అవకాశం ఎక్కువ. ఎముక కూడా చూడ్డానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి, పక్క నుంచి వెన్ను ఎక్స్‌రేలు తీయించమనండి, కొత్త కీలులో గుండు కూర్చునే గిన్నెను ఏ కోణంలో పెట్టాలో వాటిని చూసి నిర్ణయిస్తారు. ఆమె వంగి కాలి వేళ్లు ముట్టుకోగలదా?

ప్రశ్న అడిగినవారు
లేదక్కా, పదేళ్లుగా మోకాళ్ల కిందికి చెయ్యి పోదు. వయసు అనుకున్నాం, ఇద్దరు డాక్టర్లకూ ఆ మాటే చెప్పలేదు. సోమవారం మళ్లీ తీసుకెళ్తున్నా, ముందు ఇదే చెప్తా.