అప్‌డేట్: మోటర్‌హెడ్ రాక్ బ్యాండ్ గాయకుడు, బేస్ గిటారిస్టు లెమ్మీ గురించి అడిగాను, బాగానే మాట్లాడారు

చనిపోయిన తోటివాళ్ల గురించి హెవీ మెటల్ సంగీత కళాకారుల్ని ఎలా అడగాలని మిమ్మల్ని అడిగాను కదా, ఇంటర్వ్యూ అయిపోయింది. ఆయన లండన్‌లో ఉండే పాత బేసిస్టు, పేరు చెప్పను. మీలో ఒకరన్నట్టే చావు ఊసెత్తకుండా వాయిద్యంతో మొదలుపెట్టాను: మోటర్‌హెడ్‌లో లెమ్మీ బేస్‌కి ఆ సౌండ్ ఎలా వచ్చేదండీ? ఇక ఆపితే ఒట్టు! రికెన్‌బ్యాకర్ బేస్ గిటార్‌ని మార్షల్ యాంప్‌కి తగిలించి రిథమ్ గిటార్‌లా కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాలు) బాదడం, ఎత్తులో పెట్టిన మైకులోకి తల పైకెత్తి పాడటం, అన్నీ చేసి చూపించారు. మోటర్‌హెడ్ డ్రమ్మర్ ఫిల్ టేలర్ 2015 నవంబర్లో, లెమ్మీ డిసెంబర్లో, గిటారిస్టు ఎడ్డీ క్లార్క్ 2018 జనవరిలో పోయిన సంగతి ఆయనే ఎత్తారు. అక్కడ నేను నోరు మెదపలేదు. సొంత కెరీర్ మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు, అదొక్కటే వెలితి. బయటపెట్టేముందు పోయినవాళ్ల గురించిన భాగం ఆయనకి వినిపిస్తాను.