టీవీలో వీడియో ఆగి ఆగి వస్తోంది, ఫోన్‌లో బాగానే ఉంది: లోపం ఎక్కడుందో ఎట్ల కనుక్కోవాలి?

బురుజు వీధి (కర్నూలు)

మాది పాతబస్తీలో రాతి గోడల పాత ఇల్లు. రూటర్ ముందు వసారాలో ఉంది, టీవీ లోపలి గదిలో. ప్లాన్ 100 ఎంబీపీఎస్. వీడియో మొదట్లో శుభ్రంగా వస్తుంది, కాసేపటికి బొమ్మ మసకబారుతుంది, ఆ తర్వాత మధ్యలో సున్నా తిరుగుతూ కూర్చుంటుంది. రాత్రి ఎనిమిది దాటితే మరీ ఎక్కువ. అదే వీడియో ఫోన్‌లో రూటర్ పక్కన కూర్చుని పెడితే పగలు ఏ ఇబ్బందీ లేదు. నెట్ వాళ్లను అడిగితే మా వైపు స్పీడ్ ఫుల్లుగా వస్తోంది, టీవీ పాతది, మార్చుకోండి అంటారు. టీవీ షాపులో అడిగితే ప్లాన్ పెంచుకోమంటారు. ఎటు చూసినా డబ్బు ఖర్చే. అమ్మకు సాయంత్రం తిరుమల లైవ్ పెట్టకపోతే పొద్దు పోదు, పిల్లల పాఠాలు కూడా ఆ టీవీలోనే. ఏదైనా కొనే ముందు ఇంట్లోనే తేల్చుకునే దారి ఉంటే చెప్పండి.

హంద్రీ గట్టు (కర్నూలు)

అన్నా, ప్లాన్ మాత్రం ఇప్పుడే పెంచొద్దు. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, 4కేకి 15. యూట్యూబ్ 4కేకి 20 అంటుంది. మీ 100లో ఐదో వంతు టీవీ దాకా చేరినా ఒక టీవీకి చాలు. కాబట్టి ఆ వేగం టీవీ దాకా వస్తోందా లేక దారిలో ఎక్కడైనా తగ్గిపోతోందా అన్నది ముందు చూడాలి.

ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి టీవీకి అదే వస్తోందనుకుంటే కుదరదు, టీవీలోనే కొలవాలి. టీవీలో బ్రౌజర్ ఉంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే, వాళ్ల సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి వీడియోల విషయంలో బాగా నమ్మొచ్చు. బ్రౌజర్ లేకపోతే యూట్యూబ్‌లో ఏదైనా వీడియో పెట్టి సెట్టింగ్స్ గుర్తులోకి వెళ్లి 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' ఆన్ చేయండి. తెర మూలలో చిన్న అక్షరాలతో ఒక పెట్టె వస్తుంది. అందులో 'కనెక్షన్ స్పీడ్', 'బఫర్ హెల్త్' అని ఉంటాయి. బఫర్ హెల్త్ అంటే ముందుగా దించి పెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లకు సరిపోతుందన్నది. ఆ అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చి ఆగితే నెట్ అందడం లేదని అర్థం. బఫర్ నిండుగా ఉండి కూడా బొమ్మ తడబడుతుంటే, అదే పెట్టెలో 'డ్రాప్డ్ ఫ్రేమ్స్' (చూపించలేక వదిలేసిన బొమ్మలు) అంకె పెరుగుతుంటే, నెట్ తప్పు కాదు, టీవీకే శక్తి చాలడం లేదు. ఈ ఒక్కటి చూస్తే సగం అనుమానం తీరిపోతుంది.

కడప బండ (కడప)

రాతి గోడలు అన్నారంటే నాకు అక్కడే అనుమానం. మాదీ పాత ఇల్లే, అడుగున్నర మందం గోడలు, పైన బండల మిద్దె. రూటర్ వైఫై రెండు రకాలు, 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. ఇట్లాంటి ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక గోడ దాటేసరికే నీరసపడుతుంది, రెండో గోడ దాటితే పేరు కనపడుతుంది గానీ పని చేయదు. 2.4 గోడలు దాటుతుంది, కానీ వేగం తక్కువ, పైగా పక్కిళ్ల రూటర్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు 1, 6, 11 మూడే. రూటర్ సెట్టింగ్స్‌లో 'ఆటో' తీసేసి, మీ వీధిలో ఏది ఖాళీగా ఉందో అది పెట్టండి. ఏది ఖాళీయో చూపించే వైఫై ఎనలైజర్ యాప్‌లు ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

రూటర్ ఇనుప బీరువా వెనకో, టీవీ వెనక నేలమీదో ఉంటే అక్కడి నుంచి తీసి మనిషి ఎత్తులో పెట్టండి. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నప్పుడు 2.4కి దెబ్బ, అది కూడా గమనించండి.

నా మాట వింటే రూటర్ నుంచి టీవీకి వైర్ లాగేయండి. వైఫైని మధ్యలో అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనమని చాలామంది చెబుతారు, కానీ ఒకే బ్యాండ్ (5, 2.4లో ఒక్కటే) ఉన్న చవక రిపీటర్ వచ్చిన వేగంలో సగం తానే తినేస్తుంది. క్యాట్ 6 అనే ల్యాన్ వైర్ 100 మీటర్ల దాకా తగ్గకుండా పోతుంది. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, అది చూసి వెనకాడొద్దు, 4కేకి అంతకంటే అవసరం లేదు. వైర్ కొనేటప్పుడు అసలు రాగిదేనా అని అడగండి, అల్యూమినియం మీద రాగి పూతది అంటగడతారు. మిద్దె మీదుగా లాగితే పైపులో వేయండి, మన ఎండకు మామూలు వైర్ తోలు పెళుసుబారి పగిలిపోతుంది.

గుత్తి రోడ్డు (అనంతపురం)

రాత్రి ఎనిమిది తర్వాత ఎక్కువ అన్నారు కదా, గోడలొక్కటే కారణమైతే పొద్దున కూడా అట్లనే ఉండాలి. కాబట్టి మీకు రెండో సమస్య కూడా ఉన్నట్టుంది. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు నేరుగా ల్యాన్ వైర్‌తో కలిపి, వైఫై ఆపేసి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలవండి. వైర్ మీద కూడా రాత్రి పడిపోతుంటే అది మీ ఇంటి బయటి సంగతి. వీధి మొత్తానికి వచ్చే లైన్‌లో అందరూ ఒకేసారి కూర్చుంటారు, ఐపీఎల్ రోజుల్లో మరీను. కొలిచినవి తేదీ, టైమ్‌తో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని కంప్లయింట్ ఇవ్వండి, నంబర్ తీసుకోండి. "నెట్ స్లోగా ఉంది" అంటే రూటర్ ఆపి మళ్లీ వేయండి అంటారు అంతే. వైర్ మీద పగలు ఇంత, రాత్రి ఇంత అని అంకెలు పెడితే మాట తీరే మారిపోతుంది, ఇది నేను చూసిందే.

ఇంకో సంగతి. లైవ్ మాత్రమే ఎక్కువ ఆగి, పాత వీడియోలు సాఫీగా వస్తుంటే కంగారు పడొద్దు. పాత వీడియో అయితే ముందుకు బోలెడంత దించుకుని పెట్టుకుంటుంది. లైవ్‌లో అంత నిల్వ ఉండదు, జరుగుతున్నదాని వెనకే కొద్ది సెకన్ల దూరంలో నడుస్తుంది, కాబట్టి లైన్ చిన్నగా తడబడినా తెర మీద తెలిసిపోతుంది. అమ్మగారి తిరుమల లైవ్‌కు క్వాలిటీ 'ఆటో' తీసేసి 720పీకి కట్టేయండి, ఆగడం బాగా తగ్గుతుంది.

బురుజు వీధి (కర్నూలు)

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చూశాను. టీవీ గదిలో వైఫై మీద 4, 5 కంటే పైకి రావడం లేదు, బఫర్ హెల్త్ కళ్లముందే కరిగిపోతోంది, డ్రాప్డ్ ఫ్రేమ్స్ మాత్రం సున్నా. అంటే టీవీ మార్చాల్సిన పని లేదని ధైర్యం వచ్చింది. రూటర్‌కు వైర్ పెట్టి కొలిస్తే పొద్దున 94 వచ్చింది. రాత్రి ఒకసారి 60 చూపిస్తుంది, ఒకసారి 10 కూడా రాదు, మధ్యలో కాసేపు పూర్తిగా పోయి మళ్లీ వస్తోంది. అలా పోయినప్పుడు, ఫైబర్ వైర్ వచ్చి కలిసే డబ్బాలో 'లాస్' (ఎల్‌ఓఎస్) అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగి ఆరిపోతోంది. ఇది రద్దీ వల్లేనా?

ఫైబర్ పని (ప్రొద్దుటూరు)

కాదు సార్. నేను ఫైబర్ లైన్ల పనిలోనే ఉంటా. రద్దీ అయితే స్పీడ్ తగ్గుతుంది గానీ ఎర్ర లైటు రాదు. 'లాస్' ఎర్రగా వెలిగిందంటే వెలుతురే డబ్బా దాకా అందడం లేదని. ఫైబర్‌లో కరెంటు ఉండదు, వెలుతురే నడుస్తుంది. ఎక్కడైనా వైర్ బాగా వంగినా, తలుపు సందులో నలిగినా వెలుతురు ఆ మలుపులో బయటికి జారిపోతుంది.

ఇంట్లో ఇవి చూడండి. గోడ నుంచి డబ్బాలోకి వచ్చే సన్నని వైర్ మొత్తం వేలితో తడుముతూ రండి. కిటికీ రెక్క కింద, సోఫా కాలు కింద, మేకు దగ్గర గట్టిగా బిగించిన క్లిప్పు కింద, ఎక్కువగా ఈ మూడు చోట్లే నలుగుతుంది. మిగిలిన వైర్‌ను చిన్న చుట్టగా చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంటే విప్పేయండి, చుట్ట అరచేతి కంటే పెద్దగా ఉండాలి. తర్వాత డబ్బా లాగిన్ పేజీలో 'ఆర్ఎక్స్ పవర్' అని, డబ్బాకు వెలుతురు ఎంత అందుతోందో చెప్పే ఒక అంకె ఉంటుంది, మైనస్‌లో. మైనస్ 20, 22 అట్ల ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే డబ్బా అందుకోగలిగిన అంచుకు వచ్చినట్టు, అక్కడ కొంచెం కదిలినా పోతుంది. మీది రాత్రి ఒకసారి, పగలు ఒకసారి చూసి రాసుకోండి.

డబ్బా వెనక పచ్చ రంగు ప్లాస్టిక్ మొన ఉంటుంది, దాన్ని మీరు పీకొద్దు. పచ్చ మొనకు పచ్చదే, నీలం మొనకు నీలందే పెట్టాలి, కలిపి పెడితే సిగ్నల్ పోతుంది. మొన మీద వేలు పెట్టినా చాలు, ఆ జిడ్డుకే పవర్ పడిపోతుంది. పీకిన మొనలోకి కన్ను పెట్టి చూడటం అసలే వద్దు, ఆ వెలుతురు కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు. పిల్లలున్న ఇల్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. పవర్ అంకె చెప్పి, మీటర్ తీసుకుని రమ్మని మీ లైన్‌మన్‌ను పిలవండి. అంకె చెబితే ఆయన రూటర్ ఆపి మళ్లీ వేసి వెళ్లిపోడు, స్తంభం దగ్గరి డబ్బా కూడా చూస్తాడు.

పెన్నా (తాడిపత్రి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా ల్యాప్‌టాప్‌లో నెట్ బాగుంది, బఫర్ నిండుగా ఉంది, అయినా 1080పీ పెడితే బొమ్మ తడబడి ఫ్యాన్ గోల చేస్తోంది. పాత ల్యాప్‌టాపే. డ్రాప్డ్ ఫ్రేమ్స్ వందల్లో పెరుగుతున్నాయి. మార్చాల్సిందేనా?

హంద్రీ గట్టు (కర్నూలు)

స్టాట్స్ పెట్టెలో 'కోడెక్స్' అన్న వరుస చూడండి, వీడియోను ఏ పద్ధతిలో కుదించారో అందులో ఉంటుంది. ఏవీ01 అని ఉంటే కారణం దొరికినట్టే. యూట్యూబ్ వీడియోలను కొత్త ఏవీ1 పద్ధతిలో పంపుతోంది, డేటా తక్కువ పడుతుంది, కానీ పాత ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌కు దాన్ని విప్పడం రాదు. అప్పుడు ప్రాసెసర్ ఒక్కటే మొత్తం భారం మోస్తుంది, ఆ వేడికే ఫ్యాన్ గోల. యూట్యూబ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో 'ప్లేబ్యాక్ అండ్ పర్ఫార్మెన్స్' లోకి వెళ్లి ఏవీ1ను తక్కువ క్వాలిటీకి మాత్రమే వాడేలా పెట్టండి, పెద్ద క్వాలిటీకి అంతకు ముందటి పద్ధతి వీపీ9 వస్తుంది. అప్పటికీ తడబడితే ఇంకా పాత పద్ధతి హెచ్264కి మార్చే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, పాత చిప్‌లు కూడా దాన్ని తేలిగ్గా విప్పుతాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (కొత్త క్రోమ్‌లో 'గ్రాఫిక్స్ యాక్సిలరేషన్') ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. ఇవన్నీ చేశాక మార్చే సంగతి ఆలోచిద్దురు గానీ.

సాయినగర్ (అనంతపురం)

ఎండాకాలం కష్టం ఎవరూ చెప్పలేదు. మాకు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాత్రమే ఆగేది. నెట్ వీడియోల కోసం టీవీ వెనక పెట్టిన స్టిక్ పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి, పైగా ఆ గోడ పడమటి ఎండ తగిలే గోడ. ఇలాంటి స్టిక్‌లు బాగా వేడెక్కితే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. స్టిక్‌తో పాటు వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ తగిలించి టీవీ వెనక నుంచి బయటికి వేలాడదీశాం, అంతే, సరిపోయింది. స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దాని సొంత అడాప్టర్ నుంచే ఇవ్వండి, చాలా టీవీల యూఎస్‌బీకి అంత బలం ఉండదు.

కరెంటు పోయి వచ్చాక ఏ యాప్ కూడా తెరుచుకోకపోతే టీవీలో తేదీ చూడండి. తేదీ తప్పుగా ఉంటే సర్వర్ అసలుదేనని చూపే సర్టిఫికెట్లు చెల్లవనుకుని టీవీ దేన్నీ తెరవనివ్వదు. తేదీ 'ఆటోమేటిక్' పెట్టగానే వస్తాయి.

ముద్దనూరు దారి (కడప జిల్లా)

మా ఊళ్లో ఫైబర్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి పూర్తిగా ఆగిపోతుంది. టవర్ తప్పా?

గుత్తి రోడ్డు (అనంతపురం)

టవర్ కంటే ముందు మీ ప్యాక్ చూడప్పా. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే హెచ్‌డీలో గంట సినిమాకే అయిపోవచ్చు, నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా తింటుంది. రోజు కోటా అయిపోతే చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు దించేస్తారు, దాంట్లో వాట్సాప్ మెసేజ్ పోతుంది గానీ వీడియో రాదు. యాప్‌లో 480పీ పెట్టుకోండి, లేదా రాత్రి డేటా లెక్కలోకి రాని ప్యాక్ ఉంటే అప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని పగలు చూడండి. ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ హాట్‌స్పాట్ వేళ ఆపేయండి, అది పైకి ఎక్కుతుంటే కిందికి వచ్చేది కూడా మందగిస్తుంది.

బురుజు వీధి (కర్నూలు)

లైన్‌మన్ వచ్చాడు. రాత్రి తేడాగా ఉన్నప్పుడు మా డబ్బాలో పవర్ మైనస్ 28 చూపించింది. అంకె చెప్పాను కాబట్టి మీటర్ తెచ్చాడు. కిటికీ చట్రం పక్కన వైర్ నలిగి తెల్లగా గీత పడి ఉంది. రోజూ రాత్రి దోమలకు కిటికీ మూస్తాం, ఆ రెక్క వచ్చి దాని మీదే నొక్కుతోంది. ఆ ముక్క కోసేసి కొత్త మొన వేశాడు, మైనస్ 21కి వచ్చింది. టీవీకి మిద్దె మీదుగా పైపులో క్యాట్ 6 వేయించాం. ప్లాన్ అదే, టీవీ అదే. ఒక్కటి మిగిలింది: కరెంటు పోతే రూటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టుకుందామనుకుంటున్నా, ఏది చూసుకోవాలి?

ఫైబర్ పని (ప్రొద్దుటూరు)

అడాప్టర్ మీది స్టిక్కర్ చదవండి సార్. ఎక్కువ వాటికి 12 వోల్టులే, కొన్నిటికి 9 ఉంటుంది, వోల్టు మాత్రం సరిగ్గా కలవాలి. ఆంపియర్లు అంతకు సమానమో ఎక్కువో ఉంటే సరిపోతుంది. డబ్బా, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ ఇవ్వాలి. పిన్ను సైజు కూడా చూసుకోండి. మామూలు ఫైబర్ లైన్‌లో దారి మధ్యలో వెలుతురును ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, కాబట్టి ఆఫీసు వైపు బ్యాకప్ ఉంటే మీకు నెట్ వస్తూనే ఉంటుంది. మీ ఇంటికి వచ్చేది ఫైబర్ కాకుండా స్తంభం మీది స్విచ్ నుంచి ల్యాన్ వైర్ అయితే మాత్రం ఆ స్విచ్‌కు కూడా కరెంటు ఉండాలి, ఆ సంగతి లైన్‌మన్‌ను అడిగి అప్పుడు కొనండి.