అమ్మమ్మ వజ్రపుటుంగరాన్ని మార్పించాలనుకుంటున్నాము: రాయిని మళ్లీ సానబట్టించాలా?

ప్రశ్న (మారేడుపల్లి నివాసి):
మా అమ్మమ్మ నుంచి నాకు వచ్చిన ఒంటిరాయి వజ్రపుటుంగరాన్ని మా అమ్మాయి నిశ్చితార్థానికి కొత్త రూపంలో చేయించాలని అనుకుంటున్నాము. రాయి వెనుక భాగాన్ని బంగారంతో పూర్తిగా మూసేసిన పాతకాలపు కట్టు అది. చాలా ఎత్తుగా ఉండడం వల్ల చున్నీకీ, జుట్టుకీ తగులుకుంటోంది. రోజూ ఆఫీసుకు పెట్టుకుని వెళ్లేలా సన్నగా, వేలికి ఆనుకుని ఉండాలని అమ్మాయి కోరిక. బషీర్‌బాగ్‌లోని ఒక దుకాణంలో చూపిస్తే, రాయి అర క్యారెట్‌కు కాస్త పైన ఉంటుందనీ, దాని మధ్యలో కనిపించే గుండ్రటి మచ్చ లోపమనీ, మళ్లీ సానబట్టిస్తే మెరుపు పెరుగుతుందనీ, పాత బంగారం తమకు ఇచ్చేసి వైట్ గోల్డ్‌లో చేయించుకోవడం మేలనీ చెప్పారు. మా అమ్మేమో ఆ బంగారమే ఉండాలని పట్టుబడుతోంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు (నగల డిజైనర్):
ఆ మచ్చ లోపమేనని అప్పుడే ఒప్పుకోకండి. పూర్వం వజ్రం అడుగు కొనను సూదిగా వదలకుండా కొద్దిగా చదును చేసేవారు. పైనుంచి చూసినప్పుడు ఆ చదునైన ముఖమే చిన్న వలయంలా కనిపిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో మీరే చూడండి. వలయం నట్టనడుమ, అంచులు స్పష్టంగా ఉంటే అది కోతలో భాగమే కావచ్చు. పక్కకు జరిగి ఈకలా చెదిరి ఉంటే మాత్రం పగులేమోనని అనుమానించాలి. సానబడితే బరువు తగ్గక తప్పదు. అర క్యారెట్ అంటే మొత్తం 100 మిల్లీగ్రాములే కనుక, కాస్త పోయినా రాయి అర క్యారెట్ దిగువకు పడిపోయి ధర శ్రేణి మారిపోతుంది. దీపాల కాలంలో చెక్కిన రాళ్లు వెడల్పైన మెరుపులతో నెమ్మదిగా వెలుగుతాయి. నా మటుకు నాకు ఆ అందమే ఎక్కువ.

మరొక సంగతి. మూసిన కట్టులో రాయి వెనుక మెరుపు రేకు వేసే అలవాటు ఉండేది. అది తీశాక రాయి కొంచెం పసుపుగా తేలితే, వైట్ గోల్డ్‌లో ఆ పసుపు మరింత బయటపడుతుంది. పచ్చని బంగారంలో కలిసిపోతుంది. కట్టులో ఉండగా బరువునైనా, రంగునైనా అంచనా వేయగలరే తప్ప కచ్చితంగా చెప్పలేరు. అందుచేత ముందు రాయిని విప్పించి, ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ తరువాతే డిజైన్ ఖాయం చేసుకోండి.

జవాబు (చార్ కమాన్ దగ్గర నగల పని చేసేవాడిని):
మీ అమ్మగారి కోరిక తీర్చవచ్చండి. అయితే పాత ఉంగరంలో టంకం కలిసి ఉంటుంది కాబట్టి, కరిగించే ముందు హాల్‌మార్కింగ్ కేంద్రంలో స్వచ్ఛత తేల్చుకోవాలి. అది నిజంగా 916 (అంటే 22 క్యారెట్ల) బంగారమే అయితే, 5 గ్రాముల్లో 4.58 గ్రాములు మేలిమి ఉంటుంది. దానికి లోహం కలిపి 18 క్యారెట్లకు దింపితే సుమారు 6.1 గ్రాములు వస్తుంది. రోజువారీ ఉంగరానికి 18 క్యారెట్లే నయం. 22 క్యారెట్లు మెత్తన కనుక రాయిని పట్టే సన్నని కొనలు త్వరగా అరిగి లేస్తాయి, అప్పుడే రాళ్లు జారిపోతాయి. 22లోనే కావాలంటే కొనలు వద్దు, రాయి చుట్టూ పూర్తి అంచు కట్టించండి. ఎత్తు కూడా తగ్గుతుంది. మీ బంగారంతోనే చేస్తున్నప్పుడు మజూరీ ఎంత, తరుగు ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి.

జవాబు (పాత నగలు సేకరించే వ్యక్తి):
నేను విప్పవద్దనే అంటాను. పాత కట్టు ఒకసారి తీస్తే మళ్లీ అలా కట్టేవారు దొరకడం కష్టం. ఉంగరాన్ని అలాగే ఉంచి, అమ్మాయికి మరొక చిన్న రాయితో చేయించవచ్చు కదా?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పెట్టెలో ఉంచడం కన్నా అమ్మాయి వేలికి ఉండడమే మాకు ఇష్టం కాబట్టి విప్పిస్తాము, సాన మాత్రం పట్టించము. రాయి మారిపోకుండా ఏం చేయాలి?

జవాబు (నగల డిజైనర్):
విప్పేటప్పుడు ఎదుట కూర్చోండి. విడి రాయిని క్యారెట్ తూకంలో రెండు దశాంశాల వరకు తూయించి, పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో రాయించి, ఆ వలయం కనబడేలా లూప్ గుండా ఫొటో తీసుకోండి. రసీదు మీద ఇవన్నీ ఉండాలి. కొత్త ఉంగరం తీసుకునే రోజున డబ్బు కట్టే ముందు ఆ ఫొటో పక్కన పెట్టుకుని రాయిని చూడండి. రెండు పాత రాళ్ల కోత అచ్చం ఒకేలా ఉండడం అరుదు.