ఆడ బెట్టా చేపల్లో ఒకటే అన్నిటినీ తరుముతోంది, ఏం చేయాలి?

మాది వైజాగ్, మధురవాడ. 100 లీటర్ల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, ఆరు ఆడ బెట్టాలు. నీళ్లు 28 డిగ్రీలు. చేపలకి హాని చేసే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. నెలరోజులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు అన్నిటికంటే పెద్దదైన ఎర్రది, మేత వేయగానే మొప్పలు విప్పుకుని మిగతావాటి మీద పడుతోంది. నీలందాని తోక అంచు చిరిగింది. ఒంటిమీద తల నుంచి తోకదాకా చారలు తేలాయి, ఫిల్టర్ వెనకే నక్కి తిండికి కూడా పైకి రావడం లేదు.

మొక్కలు, రాళ్లు మార్చి సర్దాను. మేత రెండు మూలల్లో వేశాను. ఎర్రదాన్ని వారంపాటు జాలీ డబ్బాలో పెట్టాను. వదిలిన సాయంత్రానికే మళ్లీ మొదలు. షాపతను ఇంకో నాలుగు కొనమంటున్నాడు (అనకేం చేస్తాడు!).

ఎర్రదాన్ని పూర్తిగా వేరే ట్యాంకుకి మారిస్తే మిగతా ఐదూ సర్దుకుంటాయా, లేక వాటిలో ఇంకోటి తరమడం మొదలెడుతుందా?