బ్రియాన్ మే టోన్: హెలిక్స్ ముందు అసలు ట్రెబుల్ బూస్టర్ ఉండాల్సిందేనా?

తీగమోత:
క్వీన్ గిటారిస్ట్ బ్రియాన్ మే సెటప్ అందరికీ తెలిసిందే. సొంతంగా చేసుకున్న రెడ్ స్పెషల్ గిటార్, పై ఫ్రీక్వెన్సీలని పెంచే ట్రెబుల్ బూస్టర్ పెడల్, వాక్స్ ఏసీ30 ఆంప్ నార్మల్ చానల్. ఆంప్‌లు, పెడల్స్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే హెలిక్స్ మోడలర్‌లో రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్‌కి డిరేంజ్డ్ మాస్టర్, ఏసీ30కి ఎసెక్స్ ఏ30 అనే మోడళ్లు ఉన్నాయి. రెండూ పెట్టినా సౌండ్ సన్నగా, గీరినట్టు వస్తోందని తరచూ వినిపించే ఫిర్యాదు. బూస్టర్ విడిగా కొనాలా?

ట్యూబ్‌పక్షం:
కొనాలి. రేంజ్‌మాస్టర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (గిటార్ సిగ్నల్‌కి ఇన్‌పుట్ చూపే నిరోధం) చాలా తక్కువ, పికప్‌ని నేరుగా లోడ్ చేసి పై ఫ్రీక్వెన్సీలని మెత్తబరుస్తుంది. మోడలర్ ఇన్‌పుట్ మామూలుగా 1 మెగా ఓమ్. ఆ ట్రెబుల్ అంతా అలాగే లోపలికొస్తుంది, దాన్నే బూస్టర్ మళ్లీ పెంచుతుంది. గీరుడు రాక ఏమవుతుంది?

సోల్డర్‌పొగ:
అన్నా, ఆ ఇంపీడెన్స్ హెలిక్స్‌లో మార్చుకోవచ్చు. ఆటోలో పెడితే మొదటి బ్లాక్‌ని (ఎఫెక్ట్ లేదా ఆంప్ మోడల్) బట్టి అదే సెట్ అవుతుంది, అందుకే బూస్టర్ అన్నిటికన్నా ముందుండాలి. లేదా 22 కిలో ఓమ్ మీరే పెట్టండి. గిటార్‌కీ హెలిక్స్‌కీ మధ్య వైర్‌లెస్ గానీ బఫర్ (గిటార్‌ని తర్వాతి పరికరం నుంచి విడదీసే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ గానీ ఉంటే మాత్రం ఈ సెట్టింగ్ ఉన్నా లేనట్టే. పికప్‌కి అప్పుడు కనిపించేది ఆ బఫరే.

అసలు తేడా గిటార్‌లో ఉంది. రెడ్ స్పెషల్‌లో మూడు బర్న్స్ ట్రై-సోనిక్ పికప్‌లు సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి) ఉంటాయి, ఒక్కోదానికి ఆన్/ఆఫ్, ఫేజ్ స్విచ్‌లు. స్ట్రాట్ గిటార్‌లో రెండు పికప్‌లు కలిపితే అవి ప్యారలల్ (పక్కపక్కన కలిపినట్టు). బ్రిడ్జ్, మిడిల్ పికప్‌లని సిరీస్‌లోకి మార్చి చూడండి: ఔట్‌పుట్ పెరుగుతుంది, రెజొనెన్స్ కిందికి దిగుతుంది, మిడ్స్ నిండుతాయి. స్విచ్ ఖర్చు పెడల్ ధరలో ఆవగింజంత.

ఐఆర్‌మేస్త్రి:
ఆంప్ సంగతి కూడా చూడాలి. ఎసెక్స్ ఏ30 టాప్ బూస్ట్ చానల్ మోడల్, మే వాడేది నార్మల్. ట్రెబుల్, బాస్ రెండూ బాగా తగ్గిస్తే మిడ్ నిలబడి కొంత దగ్గరికొస్తుంది. కట్ నాబ్ తిరకాసుది, పెంచితే హైస్ తగ్గుతాయి. డ్రైవ్ బాగా పెంచి క్లీన్‌కి గిటార్ వాల్యూమ్ తగ్గించండి, మే పద్ధతీ అదే. క్యాబ్‌కి 2x12 ఆల్నికో బ్లూ, లో కట్ 90 హెర్ట్జ్, హై కట్ 7 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

ఇంకోటి, ఆల్బమ్స్‌లో వయొలిన్లలా మోగే లేయర్లలో చాలావరకు ఏసీ30 కాదు. జాన్ డీకన్ చేసిన చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్, డీకీ. దాన్ని ఈ ప్రీసెట్‌లో వెతక్కండి.

ట్యూబ్‌పక్షం:
సిరీస్ పికప్‌ల మాట ఒప్పుకుంటా. కానీ వాల్యూమ్ 3కి తగ్గించినప్పుడు వచ్చే ఆ మెరుపు అసలు జెర్మేనియం పెడల్‌లోనే బాగుంటుంది, ఇందులో తగ్గేది లేదు.

సోల్డర్‌పొగ:
అయితే కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. సిరీస్ పికప్‌లు, పైన బూస్టర్ కలిస్తే సిగ్నల్ పెద్దది. ఆంప్ బ్లాక్ దాకా వెళ్లకముందే సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చే కన్వర్టర్‌లోనే హద్దు దాటి క్లిప్ అవుతుంది, అది చిటపటలాడే డిజిటల్ క్లిప్పింగ్. సిగ్నల్‌ని తగ్గించే ఇన్‌పుట్ ప్యాడ్ ఆన్ చేయండి.

ఐఆర్‌మేస్త్రి:
పోలిక వీడియోలు చూసి తేల్చకండి. ఆంప్ లేకుండా నేరుగా రికార్డ్ చేసిన ఒకే గిటార్ ట్రాక్‌ని (డీఐ) తర్వాత రెండు బూస్టర్లలోకి పంపితే (రీఆంప్) పికప్ లోడింగ్ రికార్డింగ్ అప్పుడే స్థిరపడిపోయింది. రెండింట్లోకీ గిటార్ నేరుగా గుచ్చి, లెవెల్ సమానం చేసి, వాల్యూమ్ 10లో, 3లో విడివిడిగా వినండి.